గురునాథం మూడో పిలుపు

మాచవరపు గురునాథం గొంతు ఎక్కడ పుడుతుందో డాక్టరుకి కూడా తెలియదు గానీ, ఎక్కడిదాకా పోతుందో ఊరందరికీ తెలుసు. కోర్టు వరండాలో నిలబడి ఆయన ఒక పేరు పిలిస్తే, ఆ పిలుపు ప్లీడరు గుమాస్తాల్ని దాటి, టీ బంకుని దాటి, రోడ్డెక్కి, బస్టాండులో వినుకొండ బస్సు దిగుతున్నవాడి చెవిలో పడేది. మైకూ లేదు, పాడూ లేదు. తెల్ల డ్రస్సు మీద అడ్డంగా ఎర్ర డవాలా పట్టీ, దాని మీద తోమీ తోమీ అరిగిన ఇత్తడి బిళ్ల, పిలిచేటప్పుడు ఉబ్బే మెడ నరాలు. ఆయన సరంజామా అంతే.

ఊరి పేరు ఎందుకు లెండి. వినుకొండకీ పొదిలికీ నడుమ మునసబు కోర్టున్న ఊరు అనుకుంటే చాలు. పేరు చెబితే అక్కడ వాయిదాలకు తిరిగినవాళ్లంతా తలా ఒక కేసూ చెప్పుకొస్తారు, మన గురునాథం మధ్యలో కొట్టుకుపోతాడు.

కోర్టులో బిళ్ల బంట్రోతు పని పైకి చూడ్డానికి సులువే. కేసు పిలవగానే వరండాలోకి వచ్చి వాది పేరో ప్రతివాది పేరో మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకీ మనిషి రాకపోతే లోపలికెళ్లి "లేరండి" అనాలి. ఆ ఒక్క మాటతో ఏళ్ల తరబడి నడిచిన కేసు గోవిందా. మూడుసార్లు పిలవాలని రూలు ఉంది గానీ, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎంత సేపు ఆగాలో ఏ రూలులోనూ లేదు. గురునాథం కాపురం పెట్టింది సరిగ్గా ఆ సందులోనే.

మొదటి పిలుపు పిలిచేవాడు. ఊపిరి తీసుకుని రెండోది పిలిచేవాడు. ఆ తర్వాత వరండా చివరికంటా నడిచి వెళ్లి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూసేవాడు. బస్సేమైనా ఆగిందా? దుమ్ములో ఎవడైనా గొడుగు ఊపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడా? వస్తుంటే దగ్గేవాడు, డవాలా సర్దుకునేవాడు, లేని చెమట తుడుచుకునేవాడు. రాకపోయినా కాసేపు చూసేవాడు. అప్పుడు పిలిచేవాడు మూడోది. పేరులో ఆఖరి అక్షరాన్ని పట్టుకుని చేదబావిలోంచి నీళ్లు తోడినట్టు నిదానంగా లాగేవాడు. మునసబులు మారేవాళ్లు, కొందరు విసుక్కునేవాళ్లు, ఒకరిద్దరు గట్టిగానే కేకలేశారు. "చిత్తం" అనేవాడు. మర్నాడు మళ్లీ వరండా చివరికి నడిచేవాడు.

మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయే కోటిరత్నం అయితే ఆయన్ని దేవుడి పక్కన కూర్చోబెట్టింది. ఇంటి స్థలం కేసులో ఆమె వాయిదా రోజున బస్సు చెడిపోయింది. సగం దూరం నడిచీ సగం పరిగెత్తీ, చీర కుచ్చిళ్లలో మిరప తొడిమలు రాల్చుకుంటూ వస్తే మూడో పిలుపు ఇంకా గాలిలో ఉంది. "నా కొంప మా తాతలిచ్చింది కాదమ్మా, గురునాథం బాబాయి మూడో పిలుపిచ్చింది" అని ఆమె కళ్లాల్లో చెప్పిన చోట చెప్పకుండా చెప్పేది.

ఇంత మొనగాడి గొంతు, కట్టుకున్న భార్య కనకలక్ష్మి మాత్రం వినలేదు. నమ్మండి, నమ్మకపోండి. కోర్టు ఊరవతల ఉంది. అటేపు ఆడమనిషి పనిలేకుండా నడిస్తే "ఏం గొడవొచ్చిందమ్మా?" అని పదిమంది పలకరిస్తారు. పైగా ఆవిడ పుట్టింటివాళ్లు కోర్టు మెట్లెక్కని వంశం అని చెప్పుకుని మురిసిపోయే రకం. అల్లుడు రోజూ ఎక్కుతున్నాడు కదా అంటే అది ఉద్యోగం, అది వేరు అనేవాళ్లు. ఇంట్లోనేమో గురునాథం గొంతు దాచుకునేవాడు. మిరప కళ్లాల కాలంలో ఊరి గాలే ఘాటు. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, మిరియాలూ పటికబెల్లం బుగ్గన పెట్టుకుని, అన్నం పెట్టమని కూడా గొణిగేవాడు.

"వీధిలో వాళ్లు మీ గొంతు గురించి చెబుతుంటే, నాకు ఎవరో పరాయి మొగాడి సంగతి చెబుతున్నట్టుంటుందండీ," అనేది కనకలక్ష్మి. నవ్వుతూనే అనేది. కానీ ఆ మాట గురునాథానికి ముల్లులా గుచ్చుకునేది. ఊరంతా విన్నదాన్ని ఆవిడ ఒక్కతీ వినలేదు. వినిపించే దారీ కనపడలేదు.

అలాంటి రోజుల్లో టీవీలోకి జడ్జి వచ్చాడు.

ఎనభైల చివర. ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టే టీవీలు. సాయంత్రం తెలుగు కార్యక్రమాల్లో 'బెంచి దిగిన జడ్జి' అని ఒక సీరియల్ మొదలైంది. అందులో జడ్జి మామూలు జడ్జి కాదు. గట్టు తగాదా వస్తే నల్లకోటు విప్పి భుజాన వేసుకుని పొలానికే పోయేవాడు. అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకుంటుంటే, ముందు ఇద్దరూ ఒక్క విస్తట్లో అన్నం తిని రండి, తర్వాత వాదన వింటానన్నాడు. సాక్షి నోరు తడారిపోతే తన గ్లాసులో నీళ్లు తానే తెచ్చి ఇచ్చేవాడు. ఇక చూస్కోండి! సీరియల్ వచ్చే సాయంత్రం పత్తి బళ్లు కూడా పెందలాడే ఇళ్లకు మళ్లేవి. వాయిదాకి వచ్చిన రైతులు నిజం మునసబు గారిని ఎగాదిగా చూసి, "ఈయన ఎప్పుడు దిగుతాడయ్యా?" అని ప్లీడర్లను అడగడం మొదలుపెట్టారు. ప్లీడర్లకి ప్రాణం మీదకొచ్చింది.

ఆ సీరియల్ వాళ్లే తర్వాతి భాగాలు తీయడానికి పెంకుల కప్పూ పెద్ద వరండా ఉన్న పాత కోర్టు కావాలంటూ ఈ ఊరొచ్చారు! అనుమతి కాయితాలు తెచ్చుకుని, సెలవు రోజున, లైట్లూ వైర్లూ డబ్బా వ్యానులూ వేసుకుని దిగారు. మునసబు గారు మర్యాదగా అత్తారింటికి వెళ్లిపోయారు. ఊరు ఊరంతా కోర్టు దగ్గరే. ఎప్పుడూ వాయిదాలడిగే ప్లీడర్లు ఆవేళ ఇస్త్రీ కోట్లేసుకుని పొద్దు పొడవకముందే హాజరయ్యారు, కెమెరాలో వెనక వరసలో కూర్చోవాలి కదా మరి.

బంట్రోతు వేషానికి హైదరాబాదు నుంచి ఒక నటుణ్ణి తెచ్చుకున్నారు. ఆయన్ని ముందురోజు సీనియర్ ప్లీడరు లక్ష్మీనరసింహం గారింట్లో భోజనానికి కూర్చోబెట్టారు. పాపం, పండుమిరపకాయ పచ్చడి అంటే పేరులో పండు ఉంది కదా, తియ్యగా ఉంటుందనుకున్నాడో ఏమో, గరిటెడు కలిపేసుకున్నాడు. తెల్లారేసరికి గొంతు లేదు, కడుపూ లేదు. డైరెక్టర్ జయరావు తల పట్టుకు కూర్చుంటే లక్ష్మీనరసింహం గారు తొడ చరిచి లేచారు.

"మా గురునాథం ఉండగా మీకు ఇంకొకరెందుకండీ! ఏవయ్యా, ఎక్కడున్నావ్? ఇలా రా!"

గురునాథం వరండాలో కుర్చీలు మోస్తున్నాడు. విషయం చెప్పగానే ఆయన కుర్చీ దించి, "ఒక్క నిముషమండీ" అని ఇంటికి పరిగెత్తాడు. యూనిఫారం కోసం కాదు, అది ఒంటి మీదే ఉంది. కనకలక్ష్మికి చెప్పడానికి.

"ఇదిగో! నేను టీవీలో పిలుస్తున్నా!"

ఆవిడ చేతిలో పప్పుగుత్తి అలాగే ఉండిపోయింది. తర్వాత గబగబా ఆయన బిళ్ల ఊడదీసి చింతపండుతో తోమి, కొంగుతో తుడిచి, మళ్లీ తగిలించింది.

"అయితే కోర్టు దాకా రాకుండానే నాకూ వినపడుతుందన్నమాట," అంది.

"వినపడుతుందే. నీకోసమే పిలుస్తా," అన్నాడు గురునాథం. అంత పెద్దమాట ఆయన పెళ్లయ్యాక ఎప్పుడూ అనలేదు.

కథ ఏమిటంటే, వీరభద్రం అనే ముద్దాయిని పిలవాలి. మూడుసార్లు గబగబా పిలవాలి, వాడు రాడు, జడ్జి ఏదో అంటాడు. జయరావు చెప్పాడు, గురునాథం తల ఊపాడు. కెమెరా తిరిగింది.

ఒక పిలుపు. పెంకుల మీద కాకులు లేచాయి. జయరావు కళ్లు పెద్దవయ్యాయి. రెండో పిలుపు. చుట్టూ జనానికి ఒళ్లు పులకరించింది. ఇక మూడోది రావాలి. గురునాథం కాళ్లు వాటంతట అవే వరండా చివరికి నడిచాయి.

"కట్! గురునాథం గారూ, ఎక్కడికండీ?"

"చూడాలి కదండీ."

"ఎవర్ని?"

"వీరభద్రాన్ని."

"వీరభద్రం లేడండీ బాబూ! రాడు! కథలో పారిపోయాడు!"

"ఆ సంగతి మీకు తెలుసండీ. పిలిచేవాడికి ఎట్లా తెలుస్తుందండీ?"

జనం ఘొల్లుమన్నారు. జయరావు కూడా నవ్వేశాడు, మళ్లీ మొదలుపెట్టించాడు. మళ్లీ అదే. ఈసారి కదలకుండా ఉండడానికి గురునాథం వరండా స్తంభాన్ని పట్టుకున్నాడు. కాళ్లు ఆగాయి గానీ మూడో పిలుపు గొంతులోనే ఆగిపోయింది. ఎంత మింగినా బయటికి రాదు. నవ్విన జనమే గుసగుసలాడారు. ఎండ ఎక్కుతోంది. జయరావు మంచివాడే, కానీ రీలు ఊరికే వస్తుందా? మొహం ముడుచుకుని ఎవరో గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా అప్పుడే క్రాపు సర్దుకుంటున్నాడు. తోమిన బిళ్లతో, పిలవకుండా ఇంటికి పోయి ఆవిడకి ఏం చెప్పాలి?

"ఒక్కసారండీ. ఈ ఒక్కసారీ చూడండి," అని బతిమాలాడు.

కెమెరా తిరిగింది. పిలిచాడు. మళ్లీ పిలిచాడు. అంత బతిమాలినవాడూ, అయ్యో, మళ్లీ నడిచాడు! జయరావు నోరు తెరవబోతుండగా లోపల కుర్చీ కిర్రుమంది. జడ్జి వేషం వేస్తున్న త్యాగరాజు గారు, నాటకాల్లో పండిపోయిన మనిషి, ఎవరూ చెప్పకుండానే బెంచి మీంచి లేచారు. నల్లగౌను దులుపుకుని మెట్లు దిగి, వరండాలోకి వచ్చి, గురునాథం పక్కన నిలబడి, తనూ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూశారు.

"వస్తున్నాడంటావా?"

గురునాథం కెమెరాని మరిచిపోయాడు. "ఇంకా కనపళ్లేదండయ్యా."

"చూద్దాం. తొందరేముంది, ఇంకాస్త చూద్దాం."

ఇన్నేళ్ల సర్వీసులో జడ్జీ అనేవాడు తన పక్కన నిలబడి రోడ్డుకేసి చూడటం గురునాథానికి అదే మొదలు. వేషమే కావచ్చు. అయినా ఆయన గుండె నిండిపోయింది. అప్పుడు పిలిచాడు మూడో పిలుపు. ఎట్లా పిలిచాడంటే, బస్టాండులో మిరప బస్తాల లారీలవాళ్లు హారన్లు కొట్టడం మొదలెట్టారు, కోర్టులో ఏదో అయిపోతోందని. జయరావు 'కట్' చెప్పడం మరిచిపోయి ఎగిరి గంతేశాడు. త్యాగరాజు గారు గురునాథాన్ని వాటేసుకున్నారు. టీ బంకువాడు ఆ పూట అందరికీ ఊరికే టీ పోశాడు, తర్వాత దానికి చాలాకాలం ఏడిచాడు.

ఇక అక్కణ్ణుంచి ఎదురుచూపులు. గురునాథం డబ్బా కొట్టుకునే మనిషి కాదు, కానీ అడిగినవాడికి చెప్పకుండా ఉంటాడా? వాయిదాకి వచ్చిన ప్రతివాడూ అడిగేవాడు. వార్త బస్సులెక్కి పల్లెలన్నీ తిరిగింది. ఆ భాగం వచ్చే సాయంత్రానికి లక్ష్మీనరసింహం గారి ఇంటిముందు తిరునాళ్లే. టీవీని వరండాలోకి తెచ్చి ఎత్తు బల్ల మీద పెట్టారు. డాబా మీద ఒకడు ఏంటెనా తిప్పుతూ "ఇప్పుడో?" అంటే, కింద నుంచి "చుక్కలురా! ఇటు తిప్పు! ఆ, ఆ, ఆపు!" అని వందమంది డైరెక్టర్లు. కోటిరత్నం తన కూలి జట్టునంతా వెంటేసుకొచ్చింది. అందరికంటే ముందు చాప మీద కనకలక్ష్మి. పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, చూపు తిప్పకుండా కూర్చుంది. గురునాథం వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన టీవీని చూడటం లేదు, ఆవిడ జడని చూస్తున్నాడు.

మొదలైంది. "మన కోర్టు! మన పెంకులు!" అని కేకలు. "అది నా వీపే!" అని లక్ష్మీనరసింహం గారు లేచి నిలబడితే కూర్చోమని అరుపులు. అంతలో డవాలా, తళతళలాడే బిళ్ల, గురునాథం మొహం! ఈలలు, చప్పట్లు. "ష్! ష్! పిలుస్తున్నాడు!" అన్నారెవరో.

టీవీలో గురునాథం నోరు తెరిచాడు.

"వీరభద్రం... హాజర్ హో!"

ఎవరిదో గొంతు. నున్నటి, బరువైన సినిమా గొంతు. ఈ కోర్టులో అలా హిందీలో 'హాజర్ హో' అన్నవాడు పుట్టలేదు. నోరు గురునాథానిది, మాట ఇంకెవడిదో. రెండోసారీ అంతే. త్యాగరాజు గారు రావడం, రోడ్డుకేసి చూడటం, అన్నీ ఉన్నాయి. మూడో పిలుపు కూడా ఆ పరాయి గొంతే, చటుక్కున అయిపోయింది. సంగతేమిటంటే, ఆ రోజు కాకులూ లారీ హారన్లూ కలిసి రికార్డింగు పాడైంది. మద్రాసులో ఎవరిచేతో ఆ మాటలు చెప్పించి అతికించారు. అది లక్ష్మీనరసింహం గారికి తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

ముందు తేరుకున్నది కోటిరత్నమే. "ఎవడే వాడు? మా బాబాయి నోట్లో దూరినోడు ఎవడే?" అని టీవీ మీదికి చెయ్యెత్తింది. కొందరు నవ్వారు, కొందరు జయరావుని తిట్టారు. గురునాథం తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ గొంతు ఉందో పోయిందో చూసుకున్నట్టు. అవమానం కాదు, అంతకంటే ఎక్కువ బాధ. నీకోసమే పిలుస్తానని ఆవిడకి మాటిచ్చాడు. ఆవిడ విన్నది నిజంగానే పరాయి మొగాడి గొంతు. తల దించుకుని గోడవారగా గేటు వైపు జారుకోబోయాడు.

"ఏమండీ, ఆగండి."

కనకలక్ష్మి లేచి నిలబడింది. కళ్లనిండా నీళ్లు, కానీ గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "ప్లీడరు గారూ, ఏమీ అనుకోకండి, ఆ టీవీ కట్టేయించండి," అంది. నలుగురిలో మాట్లాడి ఎరగని మనిషి అలా అనేసరికి లక్ష్మీనరసింహం గారే వెళ్లి బొత్తాం తిప్పారు. ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ గేటు దాటింది. రోడ్డెక్కింది. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. పత్తి మిల్లు గోడ వెంబడే నడిచి నడిచి, దూరాన రోడ్డు మలుపు దగ్గర ఆగి ఇటు తిరిగింది. అక్కణ్ణుంచి చెయ్యి ఊపింది. ఏమంటోందో వినపడలేదు గానీ, కోటిరత్నానికి అర్థమైపోయింది.

"పిలవమంటోంది బాబాయ్! పిలువు!"

గురునాథం గతుక్కుమన్నాడు. ఎలా పిలుస్తాడు? ఆ ఇళ్లల్లో మొగుడూ పెళ్లాం ఒకరి పేరు ఒకరు పలకరు. పెళ్లయిన కొత్తలో, లోపలికి రానివ్వకుండా గుమ్మంలో అడ్డంపడి ఆడపడుచులు పేర్లు చెప్పించినప్పుడు కూడా ఆయన లోలోపల గొణిగేస్తే, జాలిపడి వదిలేశారు. అంతే, మళ్లీ ఆ పేరు ఆయన నోట రాలేదు. 'ఇదిగో', 'ఏమే', లేదంటే దగ్గు. ఇప్పుడు సగం ఊరు చూస్తుండగా నడిరోడ్డు మీద!

జనం కదలడం లేదు. మలుపు దగ్గర పట్టుచీర కదలడం లేదు. గురునాథం చొక్కా పైగుండీ విప్పాడు. ఊపిరి తీసుకున్నాడు.

"మాచవరపు కనకలక్ష్మీ...!"

మిల్లు గోడకి కొట్టుకుని ఆ పేరు వెనక్కి వచ్చింది. ఆవిడ రాలేదు. అలాగే నిలబడింది.

"మాచవరపు కనకలక్ష్మీ...!"

ఇళ్లల్లోంచి దీపాలు పట్టుకుని ఆడవాళ్లు బయటికొచ్చారు. ఆవిడ అప్పుడూ రాలేదు. ఎందుకొస్తుంది? ఊరంతా చెప్పింది ఆ మూడోదాని గురించే. గురునాథం గేటు దాకా నడిచి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డుకేసి చూశాడు. ఎప్పుడూ వచ్చేవాళ్ల కోసం వెతికేవాడు. ఈసారి మనిషి కనపడుతూనే ఉంది, ఆయన చూస్తూనే ఉన్నాడు. సిగ్గు ఎటు పోయిందో తెలియదు. అప్పుడు పిలిచాడు. వరండాలో ఎవరికీ పిలవనంత పొడుగ్గా పిలిచాడు. బళ్లకి కట్టిన ఎద్దులు తలెత్తాయి. కోటిరత్నం ఏడుస్తూ చప్పట్లు కొట్టింది.

"వస్తున్నానండీ...!"

కనకలక్ష్మి పరిగెత్తుకుంటూ వస్తోంది. ఆ వయసులో, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, పూలు రాలిపోతుంటే, ఎవరేమనుకుంటారో అని లేకుండా నడిరోడ్డు మీద పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆయన ఎదురుగా ఆగి, రొప్పుతూ, నవ్వుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆయన గుండె మీద ఒక్కటిచ్చింది.

"ఇంత గొంతు పెట్టుకుని, ఇన్నేళ్లూ నన్ను 'ఇదిగో' అన్నారా?"